ఆశ్రయము నుండి ఒడంబడికకు

పసుపు పండే ఊళ్ళలో 'వెల' అనే మాటకు ఉన్న బరువు మరి ఏ మాటకూ లేదు. నిజామాబాదు జిల్లా ఆర్మూరు చుట్టుప్రక్కల తొలకరిలో నాటిన దుంప తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. సంక్రాంతి మొదలు శివరాత్రి దాటేవరకు త్రవ్వకాలు జరుగుతాయి. ఆపైన ఉడకబెట్టడము, కల్లములో ఆరబెట్టడము, మెరుగు పెట్టడము, కొమ్ములను మండలను వేరుచేసి సంచులకు ఎత్తడము. ఇంత చాకిరీ మింగిన పంటకు ధర మాత్రము యార్డులో ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ పూట రైతు మనసులో మెదిలే ప్రశ్న ఒకటే: ఈ వెల ఎవరు కట్టినారు? దేనిని చూసి కట్టినారు?

ఆ ప్రశ్ననే మేము ఈ ప్రసంగములో మరొక పంటను గురించి అడుగదలచినాము. ఆ పంట పేరు ఆట నేర్చిన యువత. ఈ జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. ముష్టియుద్ధములో ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాదు ఆడపడుచు. జాతీయ మహిళల హాకీ జట్టులో ఆడిన యెండల సౌందర్యది కూడ ఈ జిల్లాయే. బడి ఆవరణలో హాకీ కర్ర పట్టిన బిడ్డను చూసి, "ఈ ఆట రేపు అన్నము పెడుతుందా?" అని తల్లిదండ్రులు ఆలోచించడము సహజము. అన్నము పెట్టిన రోజులున్నవి, పెట్టని రోజులున్నవి. పెట్టినప్పుడు ఎవరు, ఏ లెక్కన పెట్టినారో తెలుసుకొంటే ఆ ఆలోచనకు కొంత ఆధారము దొరుకుతుంది.

మొదట సమస్యను విప్పి చెప్పుకొందాము. ఒక జట్టు ఉన్నది. ఆ జట్టు తన ఆటగాండ్రందరికీ కలిపి ఇంత మొత్తముకంటె ఎక్కువ ఇవ్వరాదని పోటీని నడిపేవారు హద్దు విధించినారు. ఒక కుర్రవాడు పేరు తెలియని రోజులలో తక్కువ జీతానికి ఆ జట్టులో చేరినాడు. రెండు మూడేండ్లలో వాని ఆట దేశమంతా చూసినది. మొదటి ఒడంబడిక గడువు ముగిసినది. ఇప్పుడు వానికి ఎంత ఇవ్వాలి? ఎక్కువ ఇస్తే మిగిలినవారి పాలు తగ్గుతుంది. తక్కువ ఇస్తే కుర్రవాడు మరొక జట్టుకు పోతాడు. చూడడానికి ఇది నిన్నమొన్నటి చిక్కు. కాని దీని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

మన దేశములో ఆటగానికి మొదట దొరికినది జీతము కాదు, ఆశ్రయము. కవికి, గాయకునికి, మల్లునికి దొరికినట్లే క్రికెట్టు ఆటగానికి కూడ సంస్థానములలో కొలువు దొరికినది. నాగపురములో 1895లో తెలుగు కుటుంబములో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడును 1923లో ఇందూరు హోల్కరు ప్రభువు పిలిపించుకొని తన సైన్యములో కాప్టెను హోదా ఇచ్చినాడు. హోదా సైన్యానిది, పని మైదానములోది. మూడేండ్ల తరువాత 1926లో బొంబాయి జింఖానా మైదానములో ఆంగ్లేయుల ఎమ్.సి.సి. జట్టుపై ఆయన 153 పరుగులు చేసినాడు. అందులో 11 సిక్సర్లు. 1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకుడైనాడు. ఆనాడు ఆయన వెలను కట్టినది వేలము కాదు, లెక్కల పుస్తకము కాదు. ఒక ప్రభువు అభిరుచి. ప్రభువు మెచ్చినంతకాలము లోటు లేదు. మెచ్చనివానికి మాత్రము అడిగే చోటు కూడ లేదు.

హాకీలో ఆ ఆశ్రయము ఎక్కువగా సైన్యముదే. ప్రపంచములో సాటిలేని హాకీ ఆటగాడని పేరొందిన ధ్యాన్‌చంద్ 1922లో సామాన్య సిపాయిగా సైన్యములో చేరినాడు. 1956లో మేజరుగా పదవీ విరమణ చేసినాడు. మూడు ఒలింపిక్ స్వర్ణ పతకములు సాధించిన ఆ కర్రకు దొరికిన ప్రతిఫలము నెలజీతము, మెట్టుమెట్టుగా పదోన్నతి. స్వాతంత్ర్యానంతరము సంస్థానములు పోయినవి. వాటి స్థానములోకి రైల్వేలు, పోలీసు శాఖ, బ్యాంకులు, విమానయాన సంస్థ మొదలైనవి వచ్చినవి. ఆటగానికి ఉద్యోగము, ఉద్యోగానికి తగిన జట్టు. హైదరాబాదు వాడైన ముకేశ్ కుమార్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, ఈ మూడు ఒలింపిక్సులలో ఆడినాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ తరమువారికి హాకీ అంటే మొదట ఉద్యోగము. అందులో ధనరాశులు లేవు. కాని మోకాలు విరిగినా మొదటి తేదీన జీతము వచ్చేది. ఈ ఒక్క మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. దీని అవసరము ముందు కలుగుతుంది.

ఇదే కాలములో పడమటి దేశాలలో ఆటగాడు మరొక విధమైన సంకెలలో ఉన్నాడు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగానికి వారమునకు 4 పౌనులకు మించి ఇవ్వరాదని 1901లో నిబంధన పెట్టినారు. అది జట్టు మొత్తముపై హద్దు కాదు, ప్రతి మనిషిపై హద్దు. ఎంత గొప్పగా ఆడినా అంతే. ఆ పైని ఒడంబడిక గడువు తీరినా పాత జట్టు వదలనిదే కొత్త జట్టులో చేరడానికి వీలులేదు. ఆ హద్దు పెరుగుతూ పెరుగుతూ 20 పౌనులకు వచ్చినది. జిమ్మీ హిల్ నాయకత్వములో ఆటగాండ్ర సంఘము సమ్మె చేస్తామని గట్టిగా నిలువగా 1961లో అది రద్దయినది. వెంటనే ఫుల్హాము జట్టు జానీ హేన్స్‌కు వారమునకు 100 పౌనులు ఇచ్చినది. ఒక్క అడుగులో అయిదింతలు. అనగా అంతకుముందు ఆటగాని వెలలో ఎంత భాగము ఎవరి సంచిలో మిగిలిపోయినదో ఈ ఒక్క అంకె చెప్పుతున్నది. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, గడువు తీరిన ఆటగాని పాత జట్టు పట్టి ఉంచడము న్యాయము కాదని తీర్పు చెప్పినాడు.

సంకెల తెగగానే మరొక భయము పుట్టినది. ధనవంతమైన జట్టు మంచి ఆటగాండ్రనందరినీ కొనివేస్తే పోటీ ఏది? ఫలితము ముందే తెలిసిన ఆటను ఎవరు చూస్తారు? ఈ భయమునకు అమెరికావారు కనిపెట్టిన మందే జట్టు జీతాల మొత్తముపై హద్దు. బాస్కెట్‌బాల్ లీగు 1984-85లో ప్రతి జట్టుకు 36 లక్షల డాలర్ల హద్దు పెట్టినది. మంచుగడ్డపై ఆడే హాకీలో ఇది ఇంత సులభముగా సాగలేదు. ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగు యజమానులు హద్దు కావాలన్నారు, ఆటగాండ్రు వద్దన్నారు. మైదానముల తలుపులు మూతపడినవి. 2005 ఫిబ్రవరి 16న ఆ ఏటి పోటీలు మొత్తము రద్దయినవి. ఒక సంవత్సరము పొడుగునా ఒక్క ఆట కూడ జరుగలేదు. చివరకు 2005-06లో జట్టుకు 3 కోట్ల 90 లక్షల డాలర్ల హద్దుతో ఆట మళ్ళీ మొదలయినది.

ఆ ఒప్పందములోని రెండు నియమములు మన విషయానికి ముఖ్యము. ఒకటి: ఏ ఒక్క ఆటగానికీ హద్దు మొత్తములో అయిదవ వంతుకు మించి ఇవ్వరాదు. రెండు: పద్దెనిమిది, ఇరువది యేండ్ల వయసులో చేరే కుర్రవానికి మొదటి మూడేండ్లు జీతము కట్టుదిట్టమైన పరిమితిలోనే ఉంటుంది. అసలు బేరము రెండవ ఒడంబడికతోనే మొదలవుతుంది. అప్పుడు రెండు దారులున్నవి. రెండు మూడేండ్లకు కొద్దిపాటి జీతముతో సంతకము చేసి, ఆట ఇంకా పెంచుకొని తరువాత పెద్ద బేరము అడగడము ఒక దారి. ఒక్కసారిగా ఎనిమిదేండ్లకు కట్టుబడి, పెద్ద మొత్తమును ఇప్పుడే భద్రము చేసుకోవడము రెండవ దారి. కెనడా యువకుడు కానర్ మెక్‌డేవిడ్ 2017లో రెండవ దారి పట్టినాడు. ఎనిమిదేండ్లకు 10 కోట్ల డాలర్లు, అనగా ఏడాదికి కోటి 25 లక్షల డాలర్లు. ఆ ఒడంబడిక మొదలయిన 2018-19లో జట్టు హద్దు 7 కోట్ల 95 లక్షల డాలర్లు. ఒక్కని పాలు నూటికి సుమారు 16.

ఇక్కడ ఒక మాట. బేరమాడే ఇరువురూ రూకలలో మాట్లాడుతారు గాని, లోలోపల లెక్కించేది పాలులోనే. హద్దు ఏటేటా పెరుగుతుంది కాబట్టి నేడు బరువుగా కనిపించిన మొత్తము అయిదేండ్లకు తేలికవుతుంది. అందుచేత దీర్ఘకాలపు ఒడంబడిక జట్టుకు లాభము కావచ్చు. ఆటగాడు దెబ్బతింటే అదే ఒడంబడిక ఆటగానికి రక్ష అవుతుంది. ఒకరి లాభము మరొకరి నష్టమని ముందుగా చెప్పడానికి లేదు. ఈ సందేహమే బేరమునకు ప్రాణము.

ఇక మన నేలకు వద్దాము. ఈ లెక్కలన్నీ తెలుగువారి ముంగిట మొదటిసారి స్పష్టముగా కనబడినది 2008లో. ఇండియన్ ప్రీమియర్ లీగు క్రికెట్టు పోటీకి ఎనిమిది జట్లు ఏర్పడినవి. ఒక్కొక్క జట్టు ఆటగాండ్రపై ఖర్చు పెట్టదగిన హద్దు 50 లక్షల డాలర్లు. కొన్ని నగరములకు స్థానిక వీరుని 'ఐకాన్' అనే పేరుతో ముందే కేటాయించినారు. అతనికి ఆ జట్టులో అత్యధికముగా తీసుకొనేవానికంటె నూటికి 15 వంతులు ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాదు దక్కన్ ఛార్జర్స్ జట్టులో ఆ గౌరవము వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు దక్కవలసినది. ఆయన ఆ హోదాను తానే వదులుకొన్నాడు, జట్టు చేతిలో ధనము మిగలాలని. వేలములో ఆ జట్టు ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నది. లక్ష్మణ్‌కు వచ్చినది 3 లక్షల 75 వేల డాలర్లు.

ఈ త్యాగపు విలువను లెక్కగట్టవచ్చు. లక్ష్మణ్ ఐకానుగానే ఉండి, జట్టు సైమండ్స్‌ను అదే ధరకు కొని ఉంటే, లక్ష్మణ్‌కు 15 లక్షల 52 వేల 500 డాలర్లు ఇవ్వవలసి వచ్చేది. ఇద్దరికే 29 లక్షల పైచిలుకు; హద్దులో నూటికి 58 వంతులు. ఆయన వదులుకొన్నందున మిగిలినది 11 లక్షల 77 వేల 500 డాలర్లు. అదే వేలములో అదే జట్టు ఇరువది యేండ్ల కుర్రవానిని ఒకనిని 7 లక్షల 50 వేలకు కొన్నది. అనగా పెద్దవాడు వదిలిన మొత్తములో ఆ చిన్నవాని వెల పోగా ఇంకను నాలుగు లక్షలకు పైగా మిగులుతుంది. ఆ కుర్రవాని పేరు రోహిత్ శర్మ. తల్లి పుట్టినది విశాఖపట్నము. జట్టు హద్దులో అతని పాలు నూటికి 15.

తొలి ఏడు దక్కన్ ఛార్జర్స్ జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదవది. మరుసటి ఏడు 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వములో అదే జట్టు విజేత. మే 24న జొహానెస్‌బర్గులో బెంగుళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించినది. ఆ యేడు రోహిత్ ముంబయి జట్టుపై బంతితో హ్యాట్రిక్ కూడ సాధించినాడు. ఇరువదిమూడేండ్లలోపు ఆటగాండ్రలో ఉత్తముడను బహుమానము అతనిదే.

2010తో మొదటి ఒడంబడికల గడువు తీరినది. ఇదే మనము వెదకుతున్న ఘట్టము. 2011 వేలమునకు జట్టు హద్దు 90 లక్షల డాలర్లకు పెరిగినది. ఆటగాడు ఒప్పుకొంటే పాతవారిలో నలుగురి వరకు వేలానికి ముందే అట్టిపెట్టుకోవచ్చు. కాని అందుకు హద్దులో కోత పడుతుంది: మొదటివానికి 18 లక్షలు, రెండవవానికి 13 లక్షలు, మూడవవానికి 9 లక్షలు, నాల్గవవానికి 5 లక్షలు. నలుగురిని ఉంచుకొంటే సగము సంచి ఖాళీ. దక్కన్ ఛార్జర్స్ ఎవరినీ అట్టిపెట్టుకోలేదు; నిండు సంచితో వేలానికి పోయినది. జనవరిలో బెంగుళూరులో జరిగిన ఆ వేలములో రోహిత్ శర్మను ముంబయి జట్టు 20 లక్షల డాలర్లకు కొన్నది.

ఇది తప్పిదమని నేడు చెప్పడము సులభము. 2013, 2015, 2017, 2019, 2020 సంవత్సరములలో రోహిత్ నాయకత్వములో ముంబయి అయిదుసార్లు గెలిచినది. హైదరాబాదు దక్కన్ ఛార్జర్స్ మాత్రము 2012లో రద్దయి, 2013లో సన్‌రైజర్స్ అనే కొత్త పేరుతో కొత్త యజమానుల చేతిలో మరొక జట్టు వచ్చినది. కాని 2011 జనవరిలో ఈ రాబోవు కథ ఎవరికీ తెలియదు. ఆనాటి కాగితముపై ఉన్న లెక్క ఇంతే: ఇరువదిమూడేండ్ల ఆటగానికి హద్దులో అయిదవ వంతు, 18 లక్షలు, ముందే రాసి ఇవ్వడమా? లేక మొత్తము సంచి చేతబట్టుకొని బజారులో నిలబడడమా? హైదరాబాదు బజారును నమ్ముకొన్నది. బజారు ఆ కుర్రవానికి 20 లక్షలు కట్టినది. అట్టిపెట్టుకొనే కోతకంటె రెండు లక్షలు ఎక్కువ. యార్డుకు సరుకు తోలిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఇంటి దగ్గర వచ్చిన బేరము వదులుకొని యార్డుకు పోతే ధర పెరుగవచ్చు, తగ్గవచ్చు. పోయిన తరువాత మాత్రము ధర మన చేతిలో ఉండదు.

పదమూడేండ్ల తరువాత ఇదే నగరములో ఇదే ఘట్టము మరొక రూపములో వచ్చినది. విశాఖపట్నపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ జట్టు 2023 పోటీ కొరకు 20 లక్షల రూపాయలకు తీసుకొన్నది. ఆనాటి జట్టు హద్దు 95 కోట్లు. అతని పాలు నూటికి పావు వంతు కూడ కాదు. 2024లో అతని ఆట అందరి కండ్లలో పడినది. ఆ యేటి అక్టోబరు 31వ తేదీ లోపల జట్లు అట్టిపెట్టుకొనేవారి పేర్లు చెప్పాలి. కొత్త హద్దు 120 కోట్లు. దేశము తరఫున ఆడని కుర్రవాడైతే కోత 4 కోట్లు మాత్రమే. దేశము తరఫున ఆడినవారు అయిదుగురైతే కోత 18, 14, 11, 18, 14 కోట్లు, వెరసి 75 కోట్లు. నితీశ్ అక్టోబరు మొదటి వారములోనే భారత జట్టులో మొదటి ఆట ఆడినాడు. గడువుకు కొద్ది రోజుల ముందు అతడు ఒక తరగతి నుండి మరొక తరగతికి మారిపోయినాడన్నమాట.

జట్టు ఏమి చేసినది? 75 కోట్లను అయిదుగురికి ఎట్లు పంచుకొన్నా అభ్యంతరము లేదు. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, హెడ్‌కు 14, నితీశ్‌కు 6 కోట్లు. అయిదవ స్థానపు కోత 14 కోట్లు. కుర్రవానికి చేరినది 6. పాత తరగతిలోనే ఉంటే వచ్చే 4 కోట్లకంటె ఎక్కువ. రూపాయలలో చూస్తే పాత జీతమునకు ముప్పది రెట్లు. పాలులో చూస్తే నూటికి 5. ఇది అన్యాయమా? మేము అట్లు చెప్పము. ఇరువది యొక్క యేండ్లకే 6 కోట్లు తక్కువ కాదు. కాని క్లాసెన్‌కు నిర్ణీత స్థానముకంటె ఎక్కువ దొరికిన అయిదు కోట్లు ఎక్కడినుండియో రావాలి గదా! హద్దు ఉన్న ఇంటిలో ఒకరి పళ్ళెములో పెరిగిన ముద్ద మరొకరి పళ్ళెములోనిదే. అదే రోజున హైదరాబాదు యువకుడు తిలక్ వర్మను ముంబయి జట్టు 8 కోట్లకు ఉంచుకొన్నది. 2022లో అతనికి ఇచ్చినది కోటి 70 లక్షలు. అక్కడ కూడ నలుగురు పెద్దలకు 16 కోట్లకు తగ్గకుండ పంచిన తరువాత మిగిలినది అతని పాలు. రెండు జట్లలోను ఒకటే రీతి: పెద్దవారి బేరము ముందు, కుర్రవాని బేరము చివర.

క్రికెట్టు సంచి పెద్దది కాబట్టి చివరి పాలు కూడ నిండుగానే ఉంటుంది. హాకీ సంచి చిన్నది. అసలు చిక్కు అక్కడనే కనిపిస్తుంది.

హాకీలో నగర జట్ల పోటీ మన హైదరాబాదుకు కొత్త కాదు. 2005లో మొదలయిన ప్రీమియర్ హాకీ లీగు తొలి విజేత హైదరాబాదు సుల్తాన్స్ జట్టే. ఆ లీగు 2008తో ఆగిపోయినది. 2013లో హాకీ ఇండియా లీగు వచ్చినది. జట్టు హద్దు 6 లక్షల 50 వేల డాలర్లు. భారత నాయకుడు సర్దార్ సింగ్‌ను ఢిల్లీ 78 వేలకు కొన్నది. అది కూడ 2017తో ఆగిపోయినది. ఏడేండ్లు మైదానము మూగవోయిన తరువాత 2024 డిసెంబరు 28న తిరిగి మొదలయినది. ఈసారి పురుషుల జట్టుకు హద్దు 4 కోట్ల రూపాయలు, మహిళల జట్టుకు 2 కోట్లు. జట్టులో 24 మంది. అందులో కనీసము పదునారుగురు భారతీయులు. ఆ భారతీయులలో నలుగురు జూనియర్లు ఉండితీరాలి. ఎనమండుగురు విదేశీయులు. వేలములో మొదలు ధరలు 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు.

2024 అక్టోబరు వేలములో భారత నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌కు సూర్మా జట్టు 78 లక్షలు కట్టినది. అన్నిటిలోకి అదే పెద్ద వెల. హద్దులో నూటికి 19.5. అమెరికా మంచు హాకీవారు గీసిన అయిదవ వంతు గీతకు అర పాలు మాత్రమే తక్కువ! మొత్తము 4 కోట్లు ఖర్చు పెట్టినారనుకొన్నా మిగిలిన ఇరువది ముగ్గురికి ఉన్నది 3 కోట్ల 22 లక్షలు. తలకు సరిగ్గా 14 లక్షలు. అది సరాసరి. పేరున్నవారికి ముప్పది, నలువది లక్షలు పోతే, చివరి వరుసలో కూర్చున్న జూనియరుకు మొదలు ధరకు దగ్గరలోనే తెల్లవారుతుంది. మన హైదరాబాదు తూఫాన్స్ జట్టు కూడ అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణము, జర్మనీకి ప్రపంచ కప్పు తెచ్చిన గొంజాలో పెయ్యాకు 68 లక్షలు ఇచ్చినది. ఆ జట్టు తుదిపోటీ వరకు వెళ్ళి 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాలు జట్టు చేతిలో 4-3 తేడాతో ఓడినది. మహిళలలో అత్యధిక వెల ఉదితకు దొరికిన 32 లక్షలు. ఆడపిల్లల సంచి సగమైనప్పుడు అందులోని ప్రతి పాలు కూడ సగము నుండియే మొదలవుతుందని వేరే చెప్పనక్కర లేదు.

ఇంతవరకు అంకెలు. ఇక వాటి అర్థము.

ఆర్మూరు రైతు చాలకాలముగా అడుగుతున్నది ధరకు అడుగు కావాలని. పసుపుకు కనీస ధర, బోర్డు కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గములో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడినారు. మొత్తము అభ్యర్థులు 185 మంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయినది. బోర్డు వచ్చినంత మాత్రాన కనీస ధర వచ్చినట్లు కాదని రైతుకు తెలుసు. ఆటలో పెద్దలు మొదట ఆలోచించినది అడుగును గురించి కాదు, కప్పును గురించి. కప్పు వేసినది ఆటను కాపాడడానికే కావచ్చు. అది కొంత నిజము కూడ. కప్పు లేనియెడల ఎనిమిది జట్లలో రెండింటికే మంచి ఆటగాండ్రు మిగులుతారు. కాని కప్పు ఒక్కటే ఉంటే చాలదు. మొదలు ధర అనేది అడుగు వలె కనిపిస్తుంది గాని, ఎవరూ పాట పాడనివానికి అది ఉన్నా లేనట్లే. జట్టులో నలుగురు జూనియర్లు ఉండితీరాలనే నిబంధన అందుకే విలువైనది. అది వెల కట్టదు, చోటు చూపుతుంది. చోటు లేని కుర్రవానికి వెల ప్రసక్తియే లేదు.

పసుపునకు, ఆటకు మరొక తేడా ఉన్నది. ధర నచ్చకపోతే రైతు కొమ్ములను శీతల గిడ్డంగిలో పెట్టి కొంతకాలము వేచి ఉండగలడు. వయసును గిడ్డంగిలో పెట్టలేము. ఇరువదిరెండవ యేట రావలసిన ఒడంబడిక ముప్పదవ యేట రాదు. జట్టు వేచి ఉండగలదు, ఆటగాడు ఉండలేడు. బేరములో బలము వేచి ఉండగలవానిది. ఇంగ్లండు ఆటగాండ్రు 1961లో గెలిచినది ఒక్కొక్కరుగా కాదు, సంఘముగా నిలిచి. 2005లో అమెరికా హాకీ ఆటగాండ్రు హద్దుకు తలవంచినా, మొత్తము రాబడిలో తమకు నిర్ణీతమైన భాగము ఉండేటట్లు ఒప్పందములో రాయించుకొన్నారు. అనగా రాబడి పెరిగితే హద్దు కూడ పెరుగుతుంది. కప్పు ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించే మాటలో ఆటగానికి కూడ గొంతు ఉన్నది. మన హాకీ హద్దు 4 కోట్లని చెప్పినవారు నిర్వాహకులు. ఆ అంకెను ఏ రాబడిలో ఎన్నవ వంతుగా కట్టినారన్న ప్రశ్న వేలము గదిలోకి రాలేదు. తక్కువ ఎక్కువల సంగతి తరువాత, ఆ ప్రశ్న అడిగే అలవాటు ముందు రావాలి.

ఇక పైన గుర్తుంచుకోమన్న మాట. 2008లో ఒక హాకీ లీగు ఆగినది, 2017లో మరొకటి ఆగినది. ఆగినప్పుడల్లా వేలములో పలికిన వెలలు గోడమీది సున్నము వలె రాలిపోయినవి. ఆ రోజులలో హాకీ ఆటగాండ్ర ఇంట పొయ్యి వెలిగించినది రైల్వే జీతము, పోలీసు జీతము, బ్యాంకు జీతము. ఆశ్రయపు యుగము పోయినది, ఒడంబడిక యుగము వచ్చినది అని మనము అనుకొంటున్నాము. హాకీలో మాత్రము ఆ రెండూ ఒకే మంచము మీద పడుకొని ఉన్నవి. ఆ మంచము నుండి ఒక కోడు తీసివేయడము తగదని మా అభిప్రాయము.

కావున, పిల్లవాడు లేక పిల్ల ఒక జట్టు కాగితము ఇంటికి తెచ్చిన రోజున పెద్దలు మొత్తమును మాత్రము చూసి మురియరాదు, కుంగరాదు. కాగితము ఎన్నేండ్లకు? దెబ్బ తగిలి ఆడలేని యేడు జీతము ఉంటుందా, చికిత్స ఎవరిది? పోటీయే ఆగిపోతే మిగిలిన యేండ్ల గతి ఏమిటి? ఉద్యోగము, చదువు దీనితోపాటు సాగుతాయా? జట్టు హద్దులో ఈ మొత్తము ఎన్నవ వంతు? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు దొరికితే, 2 లక్షల కాగితము కూడ మంచిదే కావచ్చు. దొరకకపోతే 50 లక్షల కాగితము కూడ అనుమానించదగినదే.

లక్ష్మణ్ తన పాలు వదులుకొన్నాడు. అందుకు ఆయనను గౌరవిస్తున్నాము. కాని వదులుకొనే శక్తి ఉన్నవాడు వదులుకోవడము వేరు, అడిగే శక్తి లేనివాని పాలు తరిగిపోవడము వేరు. మొదటిది ఔదార్యము. రెండవది అలవాటుగా మారకుండ చూడవలసిన బాధ్యత ఆటను నడిపేవారిది, ఆటను చూసి ఆనందించే మనందరిదీ. మెరుగు పెట్టిన కొమ్మును అరచేతిలో పెట్టుకొని, ఇది ఏ చేలోది, ఎవరి చాకిరీది అని అడిగి వెల కట్టే కొనుగోలుదారులు అరుదు. ఆట విషయములోనైనా ఆ ప్రశ్న అడిగే ప్రేక్షకులు మన ప్రాంతములో పెరుగుదురుగాక.